జనరేటర్ మీద నడిచే కాళ్ళు

భావనపాడు ఒడ్డున నిలబడి ఫోను మాట్లాడితే మాటలో సగం మనిషికి అందుతుంది, మిగతా సగం సముద్రం పట్టుకుపోతుంది. ఏసుదానం విషయంలో ఆ అందిన సగంలోనూ సగమే లోపలికి వెళుతుంది. ఆయన ఎడమ చెవి ఏనాడో రిటైరయింది. కుడి చెవి ఎక్స్‌టెన్షన్ మీద నడుస్తోంది. అలాంటి చెవికి, పక్కనే పడవ ఇంజను దడదడలాడుతుండగా, ఆ సాయంత్రం కళింగపట్నం నుంచి కూతురు కృపారాణి ఫోను చేసింది.

“నాన్నా! రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఈయనకి కొత్త ప్యాడ్లు కడతారు. నువ్వొచ్చీ!”

కూతురు అన్నది ప్యాడ్లు. తండ్రి విన్నది పాడె. ఒకసారి ఆ మాట చెవిలో పడ్డాక ఇంక మిగతా మాటలన్నీ దాని వెనకాలే తలవంచుకుని నడుస్తాయి.

“ఎవలికే తల్లీ?” అన్నాడు పడవ అంచు పట్టుకుని.

“ఎవలికేటి నాన్నా, మీ అల్లుడికి! వారం బట్టి కదలిక లేదు.”

“వారం బట్టా! మరి నాకు సెప్పనేదేటే?”

“సెప్తే కంగారు పడిపోతావని. రేపు మేడమొచ్చి సూసినాక కడతారు. ఎంతసేపు, అరగంటలో అయిపోతాది.”

“మీ అత్తేటి సేస్తన్నాది?”

“ప్రార్థన సేస్తన్నాది.”

“నువ్వో?”

“నానేటి సేస్తాను, అన్నం వార్తన్నాను.”

ఏసుదానం తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఇంట్లో మొగుణ్ణి అలా పెట్టుకుని అన్నం వారుస్తోందంటే పిల్ల ఎంత రాయైపోయిందో అనుకున్నాడు. గొంతు సవరించుకుని, పెద్దమనిషిగా అడగాల్సింది అడిగాడు. “దండలేటైనా తెమ్మంటావా?”

గాలి ఒక్క భావనపాడులోనే వీస్తుందా? కళింగపట్నంలోనూ వీస్తుంది. కృపారాణికి అది దొండలని వినిపించింది. పుట్టింటి పెరట్లో దొండపాదు విరగకాస్తోందని ఆమెకు తెలుసు. “తే నాన్నా! ఆయనకి మహా ఇష్టం. ఎక్కువే తే, పక్కింటోళ్ళకి కూడా ఇద్దుం!”

ఫోను తెగింది. ఏసుదానం ఇసకలో కూలబడ్డాడు. పక్కింట్లో కూడానా! ఆ వీధికి ఏ రోగం వచ్చిందో దేవుడికే తెలియాలి.

భావనపాడు ఒడ్డున ఇలా పాడె ఎక్కేసిన అల్లుడు బెన్హర్, కాసేపటికి కళింగపట్నంలో చక్రాల కుర్చీలో కూర్చుని నెత్తళ్ళ చేపల వేపుడుతో రెండో వాయి అన్నం కలుపుతున్నాడు.

బెన్హర్‌ని చుట్టుపక్కల లైట్ల బెన్హర్ అంటారు. చర్చిలో క్రిస్మస్ అయినా, గుడిలో జాతర అయినా, ఎవరింట్లో పెళ్ళయినా సీరియల్ బల్బులు అతనివే. టీవీ సీరియల్‌కీ తన సీరియల్‌కీ తేడా ఏమిటంటే తనది తెల్లారేసరికి ఆగిపోతుందని చెప్పుకునేవాడు. నాలుగేళ్ళ కిందట చర్చి గోపురానికి నక్షత్రం కడుతూ జారాడు. నక్షత్రం పైనే నిలిచింది, బెన్హర్ కింద పడ్డాడు. వెన్నులో దెబ్బ తగిలి నడుము కింద కదలికా పోయింది, స్పర్శా పోయింది. నడుము పైన మాత్రం ఏ నష్టమూ లేదు. నోరు మునుపటికంటే కొంచెం ఎక్కువే పనిచేస్తోందని కృపారాణి అంటుంది. ఇప్పుడు అరుగు మీదే కొట్టు. వైర్లు చుట్టడం, చెడిపోయిన సెట్లు బాగుచెయ్యడం, పని కుర్రాళ్ళని ఫోనులో తిట్టడం.

కాళ్ళ గురించి అడిగితే బెన్హర్ దాచుకోడు. “అత్తారింట్లో కొత్తల్లుళ్ళు బావా ఇవి. పని సెయ్యవు, కదలవు, పైగా ఎక్కడికెళ్ళినా వాటిని మనమే మోసుకెళ్ళాల” అంటాడు. నవ్విస్తాడు కానీ, ఆ అల్లుళ్ళ అల్లరి చిన్నది కాదు. కండ కరిగి తొడలు తెడ్లలా అయ్యాయి. ఉన్నట్టుండి బిగుసుకుపోయి కుర్చీలోంచి తోసేసేవి. అన్నిటికంటే పెద్ద శత్రువు పుండు. కూర్చున్న చోట పుడుతుంది, పుట్టినట్టు తెలియదు, ఎందుకంటే నొప్పి ఉండదు. ఒకసారి అలా పుట్టిన పుండు అతన్ని ఆస్పత్రి మంచం మీద బోర్లా పడుకోబెట్టి ఎండాకాలమంతా తినేసింది. ఆ మంచం తలుచుకుంటే చాలు, బెన్హర్ నోరు మూతపడుతుంది. అతని నోరు మూయించగలిగింది లోకంలో అదొక్కటే.

ఆ పరిస్థితుల్లో విజయనగరంలోని ఓ కేంద్రం నుంచి ఫిజియోథెరపీ మేడం పద్మజ ఓ మెషీను తెచ్చింది. చూడటానికి సీటు లేని సైకిలు. కుర్చీ దాని ముందుకు తోసి, పాదాలు పెడళ్ళకు పట్టీలతో బిగిస్తారు. తొడల ముందూ వెనకా, పిరుదుల మీదా జిగురు ప్యాడ్లు అంటిస్తారు. వాటి నుంచి వైర్లు ఓ చిన్న పెట్టెలోకి. పెట్టె సన్నగా కరెంటు వదులుతుంది. ఏ కండ ఎప్పుడు బిగియాలో దానికి తెలుసు. కండలు వంతులవారీగా బిగుస్తాయి, కాళ్ళు తొక్కుతాయి.

“కరెంటు పనిలో పడ్డోడికి మళ్ళీ కరెంటేటే!” అని ఏసుదానం అప్పుడే ఫోనులో అరిచాడు. బెన్హర్ మాత్రం ఒక్క చూపులో గ్రహించాడు.

“అంటే మేడం, నా మోటార్లు బాగానే ఉన్నాయి. మెయిన్ లైను తెగిపోనాది. అందుకని మీరు జనరేటరు పెట్టి ఆడిస్తన్నారు.”

“సరిగ్గా అంతే” అంది పద్మజ. తర్వాత, అడగకముందే చెప్పేసింది. “ఇది మిమ్మల్ని నడిపించదు బెన్హర్ గారూ. తొక్కిస్తుంది అంతే. కండ పెరుగుతుంది, రక్తం ఆడుతుంది, బిగుసుకోవడం తగ్గుతుంది. పుండు మళ్ళీ రాకుండా కాపు కాస్తుంది. మెయిన్ లైను మాత్రం అతకదు.”

“అతకదని సెప్పిన మొదటి మనిషి మీరే మేడం. మిగతావోళ్ళందరూ అతుకుతాదని సెప్పి, అతికించకుండా పోనారు.”

ఆ రోజు తల్లి కాంతం ఇంట్లో లేదు. ఎండు చేపలు బేరానికి శ్రీకాకుళం వెళ్ళింది. ఈ ఒక్క లేకపోవడం ఎంత పని చేసిందో తర్వాత తెలుస్తుంది. తిరిగొచ్చేసరికి కొడుకు కాళ్ళు గిర్రున తిరుగుతున్నాయి. నెత్తిమీది తట్ట కిందకు జారింది. ఓలమ్మ ఓలమ్మ అంటూ పక్కింటి తవిటమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. తవిటమ్మది వ్యవసాయం ఇల్లు, కాంతానిది ఆదివారం చర్చి ఇల్లు. ఇద్దరికీ దేవుళ్ళు వేరు, గోడ ఒకటే, ఆ గోడ మీద నుంచి రోజూ గిన్నెలు మారుతుంటాయి. ఇద్దరూ గుమ్మంలో నిలబడి, అల్లుళ్ళు ఎట్టకేలకు పనిలోకి దిగినట్టు ఆ కాళ్ళని చూశారు.

నెలలు గడిచే కొద్దీ తొడలు నిండాయి. బిగుసుకోవడం తగ్గింది. పుండు తల ఎత్తలేదు. ప్యాంటు బిగుతైందని సంబరపడిన మగవాడు ఉత్తరాంధ్ర మొత్తానికి బెన్హర్ ఒక్కడే.

అంతా సాఫీగా నడుస్తున్న సమయంలో, వారం కిందట పెట్టె మీద ఎర్రలైటు వెలిగింది. కాళ్ళు కాసేపు వణికి ఊరుకున్నాయి. మర్నాడు వణకను కూడా లేదు. ప్యాడ్లు అంటుకున్నట్టే అంటుకుని ఊడిపోతున్నాయి. కృపారాణి తుడిచి చూసింది. జిడ్డుగా ఉంది. కానీ కళింగపట్నంలో జిడ్డు లేనిది ఏముంది? ఉప్పుగాలికి కిటికీ ఊచలు జిడ్డు, తలుపు గొళ్ళెం జిడ్డు, ఫోను జిడ్డు. మొగుడు తొడ జిడ్డుగా ఉందని అనుమానించే పెళ్ళాం ఆ ఊళ్ళో ఉండదు.

పద్మజకి ఫోను చేశారు. “ప్యాడ్లు అరిగిపోయి ఉంటాయి, కొత్తవి తెస్తాను” అంది. ఉన్న మాట కూడా చెప్పింది. మెషీను ఇచ్చింది పరీక్షగా వాడి చూడటానికే. కాళ్ళు కరెంటుకి పలుకుతున్నంత కాలం ఉంచుతారు. ఒక్కోసారి కింద నరాలు కూడా నీరసిస్తాయి, అప్పుడు ఎంత కరెంటిచ్చినా లాభం ఉండదు. కొత్తవలసలో రైల్వే ఉద్యోగి ఒకాయన మెషీను కోసం వరసలో ఉన్నాడు.

“ఆయనది కొత్త వలస, నాది పాత వరస. పాత వరసే ముందు” అన్నాడు బెన్హర్ ఫోను పెట్టేసి.

“జోకులా?” అంది కృపారాణి. “రేపు పలక్కపోతే పట్టుకెళ్ళిపోతారు. మళ్ళీ ఆ పుండు...”

“పలుకుతాయే. నా కాళ్ళ సంగతి నాకు తెలీదు. జాయింట్ల సంగతి నాకు తెలుసు. బల్బులు వెలగనప్పుడు నూటికి తొంభైసార్లు బల్బు తప్పు కాదు, అతుకు తప్పు. మీ నాన్నని రమ్మను. కరెంటేటి అన్నాడు కదా, సూసి వెళ్తాడు.”

అలా కృపారాణి ఫోను చేసింది. దాని ఫలితం మనం విన్నాం.

పొద్దున్నే పద్మజ వచ్చింది. బీపీ చూసింది. కొత్త ప్యాడ్ల కవరు చింపి, ముందు ఒకటి తన ముంజేతికే అంటించుకుని మీట నొక్కింది. ఆమె వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి.

“పెట్టె బాగుంది. వైర్లు బాగున్నాయి. ప్యాడ్లు బాగున్నాయి” అంది.

ఇంక బాగుండాల్సింది మిగిలింది ఒక్కటే. బెన్హర్ తొడలకు ప్యాడ్లు అంటించారు. పాదాలు బిగించారు. మీట నొక్కింది. ఎర్రలైటు.

ప్యాడ్లు సర్ది మళ్ళీ నొక్కింది. కుడి తొడ మీద చర్మం కొంచెం అదిరింది, చేప తోక కొట్టినట్టు. అంతే. మళ్ళీ ఎర్రలైటు.

“ఏమైనా రాశారా? క్రీము, పౌడరు?”

“అయ్యో లేదు మేడం. మీరు మొదటి రోజే వద్దన్నారు కదా” అంది కృపారాణి. నిజమే చెప్పింది.

పద్మజ మీట కట్టేసి, పెట్టెకున్న వైర్లు ఒక్కొక్కటే మళ్ళీ చూసింది. బెన్హర్ వంగి తన తొడలవంక చూసుకున్నాడు. నాలుగేళ్ళలో వాటిని ఎన్ని తిట్లు తిట్టాడో. ఈ ఒక్కసారి బతిమాలాలనిపించింది. ఒరే అల్లుళ్ళూ, పరువు తియ్యకండ్రా. ఆ మంచం మీదికి మళ్ళీ పంపకండ్రా. తల అలాగే గుండెల మీదికి వాలిపోయింది.

సరిగ్గా ఆ వాలిన తలనే ఏసుదానం మొదట చూశాడు.

వీధిలో వ్యాను ఆగిన చప్పుడు, వెంటనే ఆడవాళ్ళ ఏడుపు. భావనపాడు నుంచి టెక్కలి మీదుగా వచ్చిన వ్యాను నిండా బంధువులు, ఒళ్ళో బంతిపూల దండలు. చర్చి సంఘంలో పాటలు పాడేవాళ్ళు దిగుతూనే రాగం అందుకున్నారు. ముందు ఏసుదానం గుమ్మం దాటాడు. కుర్చీలో తల వాల్చిన అల్లుడు, పక్కన నోట మాట లేని కూతురు, మెడలో స్టెతస్కోపుతో ఓ మేడం, ఒంటి నిండా వైర్లు. ఆఖరి ప్రయత్నం కూడా అయిపోయిందన్నమాట!

“ఒరే అల్లుడా! నన్నొగ్గేసి ఎల్లిపోనావేట్రా!” అంటూ ఏసుదానం రెండు చేతులూ చాచి ఒక్కసారిగా మోకాళ్ళ మీద పడి అల్లుడి తొడలని వాటేసుకున్నాడు.

వాటేసుకోలేకపోయాడు. చేతులు సర్రున జారాయి. పట్టు దొరక్క, ప్యాడ్ ఒకటి అరచేతికి అంటుకుని, పెద్దమనిషి నేలమీద వెల్లకిలా పడ్డాడు. పడి, ఏడుపు ఆపి, కోపంగా కూతుర్ని అడిగాడు.

“ఇదేటే కృపా! స్నానమైనా సేయించకుండా అప్పుడే నూనె రాసేసినారేటే?”

“మావా, దెబ్బేటి తగల్లేదు కదా?” అని శవం అడిగింది.

శోకంతో వచ్చినవాళ్ళకి షాకు తగిలింది. దండలు పట్టుకున్న ఒకావిడ దండలతో సహా వ్యానులోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పాట పాడేవాళ్ళలో ఒకాయన “లేచినాడు! స్తోత్రం!” అని కేక పెట్టాడు. మరొకాయన అదే రాగంలో పాట మార్చేశాడు. ఏసుదానం మాత్రం నేలమీదే కూర్చుని, నోరు తెరుచుకుని, లేచిన అల్లుణ్ణి చూస్తూ ఉండిపోయాడు. వీళ్ళంతా ఎందుకొచ్చారో అడిగే తీరిక లోపలివాళ్ళకి లేదు. ఎందుకంటే పద్మజ అప్పటికే ఏసుదానం అరచెయ్యి పట్టుకుని వాసన చూస్తోంది.

“ఏమన్నారు మీరు? నూనా?” మళ్ళీ వాసన చూసింది. “వెల్లుల్లి!”

బెన్హర్ తన చేత్తో తొడ తడిమి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెల్లుల్లి, వాము, అడుగున కర్పూరం. వీధి వీధంతా ఎండు చేపలు ఆరేసిన ఊళ్ళో ఆ వాసన ఇన్నాళ్ళూ తలదాచుకుని బతికింది.

“నా కాళ్ళకి నూనెవలు రాసినారు?” అన్నాడు.

పెరటి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ప్రార్థనలోంచి లేచొచ్చిన కాంతం, ఆమె వెనక తవిటమ్మ. కాంతం కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న కొద్దీ దొరికిపోయింది.

“నానే నాయినా” అంది. “వారం బట్టి రోజూ తెల్లారగట్ల, నువ్వు లేవకముందు. లేస్తే వద్దంటావు కదా. రాసి, పాత సీర గుడ్డతో తుడిసేసేదాన్ని.”

“రోజూ రాస్తన్నావా? నాకు తెలీనేదేటమ్మా?”

“నీకెలాగ తెలుస్తాది నాయినా” అంది కాంతం.

ఆ మాటకి పాటవాళ్ళు కూడా ఆగారు. తన కాళ్ళకి వారం రోజులుగా తల్లి మర్దనా చేస్తుంటే తెలియని కొడుకు, తెలియదని తెలిసే చేసిన తల్లి.

తవిటమ్మ గుమ్మంలోంచి ముందుకొచ్చింది. “ఆవిడ్నొక్కర్తినీ అనకండి. కాసింది నాను. నువ్వుల నూనెలో దినుసులు మరగబెట్టి కాసేను. పాకం నాది, ప్రార్థన ఆవిడది. ఇద్దరి దేవుళ్ళూ కలిసి పన్జేస్తే బేగి అవుతాది కదా అని.”

“ఏటి అవుతాదమ్మా?” అన్నాడు బెన్హర్.

కాంతం మెషీను వంక చూపించింది. “కరెంటుకి కాళ్ళు తిరుగుతన్నాయి కదా. తిరిగినవి నడుస్తాయి కదా. కొంచెం మెత్తబడితే...” మిగతాది కొంగులో పెట్టుకుంది.

పద్మజ ఆమె దగ్గరికి వెళ్ళింది. కూర్చోబెట్టి, మొదటి రోజు బెన్హర్‌కి చెప్పిన మాటే ఆమెకీ చెప్పింది. నడిపించదని. తొక్కిస్తుందని. నూనె పొర ఉంటే ప్యాడ్ అంటదని, కరెంటు లోపలికి దిగదని, ఒక్కోచోటే పోగైతే చర్మం కూడా కాలుతుందని. “తప్పు మీది కాదమ్మా. ఆ రోజు మీరు ఊళ్ళో లేరు. తర్వాత నేను మీకు విడిగా చెప్పాల్సింది.”

“మరి నడవనప్పుడు ఇదంతా దేనికమ్మా?” అంది కాంతం.

“దానికి నాను సెప్తాను” అన్నాడు బెన్హర్. “అమ్మా, నాను బోర్లా పడుకున్న ఎండాకాలం గుర్తుందా? నువ్వు మంచం కింద కూకుని, నా మొకం కనపడాలని తల పైకెత్తి అన్నం పెట్టేదానివి. మళ్ళీ అలాగ అక్కర్నేకండా ఉండటానికి. ఊళ్ళో కరెంటు పోతే జనరేటరు పెడతాను. అది మెయిన్ లైను కాదని ఎవడైనా పెళ్ళి ఆపుకున్నాడా? ఆ రాత్రికి అదే ఎలుగు. నాకూ ఇదే ఎలుగు. నాను నడవను. గాని ఆడతాను, అంతే.”

కాంతం లేచింది. “సబ్బెక్కడుందే కృపా?” అంది.

వేణ్ణీళ్ళు వచ్చాయి, సబ్బు వచ్చింది. కానీ చెంబు కాంతం చేతికి దక్కలేదు. ఏసుదానం లాక్కున్నాడు. అల్లుడు చచ్చి బతికాడని నమ్మిన మనిషి చేతి నుంచి చెంబు ఎవరు తీసుకోగలరు? తొడలు, మోకాళ్ళు, పిక్కలు, పాదాలు, ఒకటికి రెండుసార్లు సబ్బు రుద్ది కడిగాడు. నూనెతో పాటు కళ్ళనీళ్ళు కూడా ఆ నీళ్ళలోనే కలిశాయి.

“మా ఇళ్ళల్లో మావ అల్లుడి కాళ్ళు పీటల మీదే కడిగేస్తాడమ్మా” అంది తవిటమ్మ బుగ్గన వేలు పెట్టుకుని. “మీ పెళ్ళిళ్ళల్లో ఆ ముచ్చట నేదనుకున్నాను. కాసింత ఆలీసెంగా సేస్తారన్న మాట!”

వ్యాను దిగినవాళ్ళు నవ్వారు. కృపారాణి పెళ్ళికూతురిలా సిగ్గుపడి, పొడి తువ్వాలు అందించింది. పద్మజ స్పిరిటు దూదితో మళ్ళీ తుడిచి, ఆరేదాకా విసిరించి, ఇంకో కొత్త ప్యాడ్ల కవరు చింపింది. ఈసారి ప్యాడ్లు పట్టాయి, పెళ్ళిలో పట్టిన చెయ్యిలాగా.

“బెన్హర్ గారూ?”

“నొక్కండి మేడం. అతుకు బాగుంటే బల్బు ఎలగాల.”

నొక్కింది. ఎర్రలైటు ఒక్కసారి వెలిగింది, బెన్హర్ దాన్ని కళ్ళతో బెదిరించాడు, ఆరింది. దాని పక్కన పచ్చలైటు వెలిగింది. తొడ ముందు కండ గట్టిగా ముడి పడింది. కుడి మోకాలు లేచింది, దిగింది. ఎడమది లేచింది. ముందు మెషీనులోని మోటారు పెడళ్ళని తోస్తోంది, తర్వాత అది తప్పుకుంది, తప్పుకున్నా కాళ్ళు ఆగలేదు. వారం రోజులు సమ్మె చేసిన అల్లుళ్ళు పాత బాకీ తీర్చేస్తామన్నట్టు తొక్కుతున్నారు.

“తొక్కు, తొక్కు!” అని ఏసుదానం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. “ఓలమ్మ కాంతం, సూడు! కరెంటు వద్దన్నాను నాను. నాకు బుద్ధి నేదు!”

“నీకు చెవి నేదన్నియ్యా” అంది కాంతం, ఏడుస్తూ నవ్వుతూ. ఎంత సరైన మాట అందో ఆమెకి ఇంకా తెలియదు.

పద్మజ తెర మీద అంకెలు చూసింది, కండ మీద వేలు పెట్టి చూసింది, బీపీ ఇంకోసారి చూసింది. “కాళ్ళు బ్రహ్మాండంగా పలుకుతున్నాయి. మెషీను ఇక్కడే ఉంటుంది. కొత్తవలస ఆయనకి తర్వాత వచ్చే మెషీను ఇస్తాం. కానీ ఒక్క షరతు. తొక్కే ముందు ప్రతిసారీ కాళ్ళు సబ్బుతో కడిగి, ఆరబెట్టి, చర్మం మీద ఎక్కడైనా ఎరుపుందేమో చూడాలి. ఆ పని కాంతమ్మగారిదే.”

“మరి నూనో?” అంది తవిటమ్మ, కాచిన సీసా ఇంకా సగం మిగిలి ఉందన్న దిగులుతో.

“నా మోకాళ్ళకి ఇవ్వండి” అంది పద్మజ. “బస్సులో నిలబడి నిలబడి పట్టేశాయి.”

బెన్హర్ తొక్కుతూనే, కొత్తవలస ఆయన నంబరు తీసుకుని అప్పటికప్పుడు ఫోను కలిపాడు. “అన్నా, నాను కళింగపట్నం బెన్హర్ని. మెషీను వచ్చినాక ఫస్టు పనేటో సెప్తాను, ఇనుకో. మీ యమ్మగారున్నారా? అయితే ముందు ఆవిడికి అంతా దగ్గిర కూకోబెట్టి సెప్పు. తరవాత నూనె సీసా దాసెయ్యి.”

ఫోను పెట్టాక అతనికి గది నిండా జనం కనిపించారు. తెల్ల బట్టలు, ఎర్రబడ్డ కళ్ళు, బంతిపూల దండలు. గుమ్మం బయట సగం వీధి. లోపల ‘లేచినాడు’ అన్న మాట బయటికి వెళ్ళి ‘నడిచినాడు’గా మారి, ఇంకా జనాన్ని పోగేస్తోంది.

“మావా, అడగడం మరిసిపోనాను. నిన్నొక్కణ్ణి రమ్మంటే వ్యానేటి? ఈ దండలేటి?”

“నువ్వు పోనావని కదరా!” అన్నాడు ఏసుదానం. “నా కూతురే సెప్పినాది. వారం బట్టి కదలిక నేదు, తొమ్మిదింటికి పాడె కడతారు, నువ్వొచ్చీ అని!”

“పాడేటి నాన్నా!” కృపారాణి గుండెల మీద చెయ్యేసుకుంది. “నానెప్పుడన్నాను?”

బెన్హర్ పెడళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. అతను తొడ మీదున్న తెల్లటి ముక్కని చూశాడు, మావ మొహం చూశాడు, పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి కుర్చీ కదిలింది. తర్వాత, జాతరలో మైకు పరీక్షించినట్టు గొంతు సవరించి, వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు.

“అందరూ ఇనండి! ఎవలూ పోనేదు, ఎవలూ లేవనేదు, ఎవలూ నడవనేదు! మా ఆవిడ సెప్పింది ప్యాడ్లు, ఇదుగో ఈ అతుకుడు బిళ్ళలు. మా మావ ఇన్నాది పాడె. కదలిక నేదన్నది కాళ్ళకి, ఆయనకి మొత్తం మనిషికే నేదని అర్థమైనాది. కాళ్ళకి కరెంటెట్టి తొక్కిస్తన్నారు. కరెంటు పట్టకపోడానికి కారణం మాయమ్మ నూనె. ఆ నూనె దొరికింది మాత్రం మావ ఏడుపు వల్లే. కాబట్టి వచ్చినోళ్ళెవలూ ఏడ్సింది వృథా పోనేదు. భోంచేసి ఎల్లండి!”

వ్యానులోని ఆవిడ తలుపు కొంచెం తెరిచి తొంగి చూసింది. పాటాయన “అయితే లేవనేదా?” అని కొంచెం నిరాశగా అడిగాడు. “పోతే కదా లేవడానికి” అని తవిటమ్మ సర్దిచెప్పింది. తర్వాత, వ్యాను దిగినవాళ్ళు తన గుమ్మానికి తగిలించిన దండ కంటపడి, ఏసుదానం వైపు తిరిగింది. “మరి నాకూ ఓ దండ పట్టుకొచ్చి నా గుమ్మానికి ఏలాడేసినారేటి?”

“నువ్వు కూడా పోనావనుకున్నానమ్మా. దండలు పక్కింటోళ్ళకి కూడా తెమ్మన్నాది కదా మాయమ్మాయి.”

అప్పటికి కృపారాణి వంటింట్లోకి వెళ్ళి, ఇంతమందికి కూరేమిటా అని బుట్టలు వెతుకుతోంది. అక్కడి నుంచే కేకేసింది.

“నాన్నా! అన్నీ సరే. నాను తెమ్మన్న దొండకాయలేవి?”

ఏసుదానం మెల్లిగా దండల వంక చూశాడు. బెన్హర్ మావ వంక చూశాడు. గదిలో అందరికీ వెలిగింది, సీరియల్ సెట్టు వెలిగినట్టు, ఒకదాని తర్వాత ఒకటి, చివర ఏసుదానం.

“ఓరి నీ... దొండలా!” అన్నాడాయన.